టక్స్ పెంగ్విన్‌కి ఒక తాళం, ఫైర్‌ఫాక్స్ నక్కకి మూడు

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని బూట్ లోగో ఆన్‌లో పెట్టి, ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ (బొమ్మలు కూడా చూపగల అక్షరాల తెర) మీద లేపితే తెర పైఅంచున పెంగ్విన్లు వరస కడతాయి. కెర్నెల్‌కి ఎన్ని సీపీయూలు కనిపిస్తే అన్ని పెంగ్విన్లు: నాలుగుంటే నాలుగు, ఎనిమిదుంటే ఎనిమిది. ఈ పెంగ్విన్ పేరు టక్స్. దీన్ని టీషర్టు మీద అచ్చు వేయించి అమ్మొచ్చా? అమ్మొచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ నక్కనో? దాన్ని తయారుచేసే మొజిల్లాని అడక్కుండా కుదరదు. లినక్స్, ఫైర్‌ఫాక్స్ రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. రెంటి సోర్స్ కోడునీ ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతున్నాయి.

కారణం ఏమిటంటే, మనం ఒక ప్రాజెక్టు అని ఒక్క మాటలో చెప్పేదాంట్లో మూడు వేర్వేరు ఆస్తులున్నాయి. కోడ్ ఒకటి. మస్కట్‌గానో (ప్రాజెక్టుకి ముద్దుగుర్తుగా పెట్టుకునే జీవి) లోగోగానో గీసిన బొమ్మ రెండోది. ఆ బొమ్మా పేరూ కలిసి ‘ఇది ఫలానావాళ్ళు తయారుచేసింది’ అని చెప్పే గుర్తింపు మూడోది. మొదటి రెండింటికీ కాపీరైట్ కాపలా కాస్తుంది, కానీ ఆ రెండు కాపీరైట్లూ ఒకరి చేతిలోనే ఉండాలనేమీ లేదు. మూడోదానికి కాపలా ట్రేడ్‌మార్క్. కాపీరైట్ అడిగే ప్రశ్న ‘దీన్ని ఎవరు సృష్టించారు, కాపీ చేయమని ఎవరు చెప్పారు’ అని. ట్రేడ్‌మార్క్‌కి ఆ గొడవ పట్టదు. ‘దీన్ని చూసి కొనేవాడు ఎవరి సరుకనుకుంటాడు’ అన్నదే దాని ప్రశ్న. మన దేశంలో బొమ్మ మీద కాపీరైట్ గీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ పదేళ్ళకే, కానీ పదేళ్ళకోసారి రుసుము కట్టుకుంటూ పోతే దానికి చావు లేదు.

స్వేచ్ఛా లైసెన్సులు ఈ మూడో తాళం జోలికి కావాలనే వెళ్ళవు. అపాచీ 2.0 లైసెన్సు ఆరో సెక్షన్‌లో ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వడం లేదని రాసి ఉంటుంది. మొజిల్లా పబ్లిక్ లైసెన్సులోనూ అదే సంగతి. లినక్స్ లాంటివాటికి వాడే స్వేచ్ఛా లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షన్‌లో ఏడో సెక్షన్, పేరునూ గుర్తునూ వాడుకునే హక్కు ఇవ్వబోనని అదనపు షరతు పెట్టుకునే వీలు రచయితకి ఇస్తుంది. చివరికి బొమ్మల కోసమే ఎక్కువగా వాడే క్రియేటివ్ కామన్స్ 4.0 కూడా ట్రేడ్‌మార్క్‌ను మినహాయించింది. కాబట్టి ‘రిపాజిటరీలో జీపీఎల్ అని ఉంది కదా, లోగో కూడా అందులోనే ఉంది కదా’ అనే వాదన మూడింట ఒక వంతే నిజం.

పోటీ గెలవని పెంగ్విన్

టక్స్ ఎందుకంత స్వేచ్ఛగా తిరుగుతోందో చూస్తే మిగతా కథలు తేలిగ్గా అర్థమవుతాయి. 1996లో లినక్స్‌కి ఒక గుర్తు కావాలన్న చర్చ నడుస్తుండగా లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తనకి పెంగ్విన్లంటే ఇష్టమని చెప్పారు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఒక చిన్న పెంగ్విన్ తన చేతిని కొరికిందని కూడా ఆయనే చెప్పుకున్నారు. లారీ యూయింగ్ అప్పటికి ఇంకా పసిగుడ్డుగా ఉన్న గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ 0.54 వెర్షన్‌తో, కడుపునిండా తిని కాళ్ళు చాపుకుని కూర్చున్న పెంగ్విన్‌ని గీశారు. లినక్స్ లోగో కోసం అప్పట్లో మూడు పోటీలు జరిగాయి. టక్స్ మూడింట్లోనూ గెలవలేదు. దాన్ని లినక్స్ ‘లోగో’ అనకుండా ‘మస్కట్’ అనడానికి వెనకున్న సంగతి ఇదే.

యూయింగ్ పెట్టిన షరతు ఒక్క వాక్యం. బొమ్మని వాడుకోండి, మార్చుకోండి, ఎవరైనా అడిగితే నా పేరూ గింప్ పేరూ చెప్పండి, అంతే. అమ్మకూడదు అనలేదు, మార్చితే చూపించమనలేదు. అందుకే టక్స్‌కి కత్తి పట్టించినవాళ్ళున్నారు, చీర కట్టినా అడిగేవారు లేరు.

కానీ ‘లినక్స్’ అనే మాట సంగతి వేరు. 1990ల మధ్యలో అమెరికాలో సంబంధం లేని ఒక వ్యక్తి ఆ మాటని తన పేరిట రిజిస్టర్ చేయించుకుని, లినక్స్ అమ్మే కంపెనీల దగ్గర రాయల్టీ అడగడం మొదలుపెట్టాడు. దాన్ని సవాలు చేసి, 1997లో రాజీ కుదిరి, ఆ ట్రేడ్‌మార్క్ టోర్వాల్డ్స్ పేరు మీదికి వచ్చింది. ఇప్పుడు మీ ఉత్పత్తికో కంపెనీకో పెట్టే బ్రాండు పేరులో ‘లినక్స్’ ఉండాలంటే లినక్స్ ఫౌండేషన్ ద్వారా సబ్‌లైసెన్సు తీసుకోవాలి. పెంగ్విన్ ఊరందరిదీ, పేరు మాత్రం ఒకరిది. ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఆలోచించి చేసిందేమీ కాదు. దెబ్బ తిన్నాక నేర్చుకున్నది.

నక్కని మంచు ముంగిసగా మార్చిన గొడవ

మూడు తాళాలూ ఒకేసారి ఇరుక్కున్న కేసు ఫైర్‌ఫాక్స్‌ది. ఈ బ్రౌజర్‌కి 2002లో పెట్టిన పేరు ఫీనిక్స్. ట్రేడ్‌మార్క్ చిక్కు వచ్చి ఫైర్‌బర్డ్ అన్నారు. ఆ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ప్రాజెక్టు ఉంది, వాళ్ళు ఊరుకోలేదు. 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అయింది. ఈ మాట నిజానికి రెడ్ పాండాకి ఇంకో పేరు. మన సిక్కిం రాష్ట్ర జంతువు అదే. అయినా లోగోలో భూగోళాన్ని చుట్టుకున్నది అచ్చమైన నక్కే. పాండా బొమ్మ గీస్తే పేరు గుర్తురాదు, నక్కని గీస్తే పేరు దానంతటదే నోట్లోకి వస్తుంది. బొమ్మ పని జంతుశాస్త్రం కాదు కదా.

లినక్స్‌ని మిగతా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అందించే పంపిణీల్లో ఒకటైన డెబియన్‌కి వచ్చిన ఇబ్బంది రెండు అంచెల్లో నడిచింది. మొదటిది కాపీరైట్. తమ ప్రధాన విభాగంలోకి వచ్చే ప్రతి ఫైలూ, బొమ్మతో సహా, మార్చుకునే స్వేచ్ఛతో ఉండాలన్నది డెబియన్ నియమం. నక్క బొమ్మ ఫైలుకి అప్పట్లో ఆ స్వేచ్ఛ లేదు. అందుకని డెబియన్ పేరు ఉంచి బొమ్మ తీసేసింది. ఫైర్‌ఫాక్స్ సోర్స్‌లోనే దీనికో మార్గం ఉంది: కంపైల్ చేసేటప్పుడు అధికారిక బ్రాండింగ్ స్విచ్ వేయకపోతే నక్క లేని వట్టి భూగోళం వస్తుంది. డెబియన్ అది వాడుకుంది.

2006లో మొజిల్లా నుంచి అభ్యంతరం వచ్చింది. పేరు వాడితే లోగో కూడా వాడాలి, రెండూ విడదీయకూడదు, పైగా కోడ్‌లో చేసే మార్పులు మాకు చూపించి ఒప్పించుకోవాలి అన్నారు. ఇది రెండో అంచె, ట్రేడ్‌మార్క్. డెబియన్ స్థిరమైన విడుదలలో ఒక బ్రౌజర్ వెర్షన్‌ని ఏళ్ళ తరబడి పట్టుకుని, కొత్త వెర్షన్లలోని భద్రతా మరమ్మతుల్ని పాతదానికి అతికిస్తూ పోయేవారు. రంధ్రం బయటపడిన రోజున ముందు ఉత్తరం రాసి అనుమతి కోసం కూర్చోవడం కుదిరే పని కాదు. దాంతో బ్రౌజర్ పేరే మార్చేశారు: ఐస్‌వీజిల్. అగ్గికి బదులు మంచు, నక్కకి బదులు ముంగిస లాంటి ఇంకో జంతువు. ఫైర్‌ఫాక్స్ తోబుట్టువుల్లో థండర్‌బర్డ్ ఐస్‌డవ్ అయింది, సీమంకీ ఐస్‌ఏప్ అయింది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0 ఈ మంచు జంతువులతోనే వచ్చింది. దాదాపు పదేళ్ళు అలాగే నడిచింది. లోగో మీద కాపీరైట్ అడ్డు తొలగాక, డెబియన్ చేసే మార్పులు ఫైర్‌ఫాక్స్ నాణ్యతని చెడగొట్టేవి కావని రెండు పక్షాలూ ఒప్పుకున్నాక 2016లో నక్క తిరిగి వచ్చింది.

మొజిల్లాది వట్టి పట్టుదల అని అప్పట్లో చాలామంది తిట్టారు. అంత తేలిక కాదు. పేరున్న ఉచిత బ్రౌజర్‌కి గూఢచారి ప్రోగ్రాములు అంటించి, అదే నక్క బొమ్మతో పంచిపెట్టేవాడిని ఆపడానికి కోడ్ లైసెన్సు అక్కరకు రాదు. మార్చి పంచుకోమని ఆ లైసెన్సే చెబుతోంది మరి. అక్కడ మిగిలేది ట్రేడ్‌మార్క్ ఒక్కటే. తప్పు ఎక్కడ జరిగిందంటే, దొంగని ఆపడానికి కొన్న తాళాన్ని ఇంట్లో మనిషికి కూడా వేయడం దగ్గర. కాపీరైట్‌ని వదిలేసి ట్రేడ్‌మార్క్‌ని మాత్రమే పట్టుకుంటే సరిపోయేది. చివరికి చేసింది అదే.

ఈ గొడవలు చూశాక పంపిణీలు ఒక అలవాటు చేసుకున్నాయి. లోగోలన్నీ వేరే ప్యాకేజీలో పెట్టడం. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో గుర్తులన్నీ ఒక ప్రత్యేక లోగో ప్యాకేజీలో ఉంటాయి. ఒకప్పుడు సెంటాస్, ఇప్పుడు ఆల్మా, రాకీ లాంటి పంపిణీలు ఆ సోర్స్ మీద తమది నిర్మించుకునేటప్పుడు ముందుగా మార్చేది దాన్నే. ఫెడోరా ఇంకో అడుగు ముందుకేసి, ఎవరికీ చెందని బొమ్మలతో ‘జెనరిక్’ లోగోల ప్యాకేజీని కూడా తనే తయారుచేసి ఇస్తుంది. దారి తప్పకుండా విడిపోవాలంటే ఇలా. మీ ప్రాజెక్టులో లోగో పది ఫోల్డర్లలో చెల్లాచెదురుగా ఉంటే, దాన్ని ఫోర్క్ చేసేవాడు (కోడ్ తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడిపేవాడు) తొమ్మిది చోట్ల తీసి పదోచోట మర్చిపోతాడు, మీరు వాడికి నోటీసు రాస్తారు.

బొమ్మ ఒకరిది, ప్రాజెక్టు ఇంకొకరిది

యూనిక్స్ వంశపు బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల గుర్తు డీమన్ జంతువు కాదు గానీ ఈ లెక్కలోకి తప్పకుండా వస్తుంది. కొమ్ములు, త్రిశూలం, కాళ్ళకి కాన్వాసు బూట్లు. యూనిక్స్‌లో తెర వెనక నిశ్శబ్దంగా పనిచేసే ప్రోగ్రామ్‌ని డీమన్ అంటారు, దాని మీద సరదా ఇది. అందరికీ తెలిసిన రూపాన్ని 1988లో జాన్ లాసెటర్ గీశారు. కాపీరైట్ మాత్రం మార్షల్ కర్క్ మెక్‌క్యూసిక్ అనే ఒక్క వ్యక్తిది. అంటే బీఎస్‌డీల్లో ఒకటైన ఫ్రీబీఎస్‌డీ కోడ్ అంతా ప్రపంచంలోనే అతి ఉదారమైన లైసెన్సుల్లో ఒకదాని కింద ఉంది. దాని ముఖంగా జనం ఎరిగిన బొమ్మని సరుకు మీద వేసి అమ్మాలంటే మాత్రం ఒకాయనని అడగాలి. ఆయన చెడ్డవాడని కాదు, అలాంటి ముడి మీద సంస్థ నడవదు. పైగా అన్ని నీడలూ రంగులూ ఉన్న ఆ బొమ్మ చిన్న సైజులో ఎర్రటి మరకలా తేలుతుంది, కొమ్ములు చూసి మతభావాలు నొచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. 2005లో ఫ్రీబీఎస్‌డీ పోటీ పెట్టి, రెండు కొమ్ములున్న ఎర్రటి గోళాన్ని లోగోగా తీసుకుంది. డీమన్‌ని మస్కట్‌గా అలాగే ఉంచింది. ఈ విడదీతే అసలు కిటుకు. లోగో కఠినంగా ఉండాలి: ఒకే రూపం, ఒకే కొలతలు, చట్టబద్ధమైన యజమాని. మస్కట్ వదులుగా ఉండాలి: జనం దానికి టోపీ పెట్టాలి, పండక్కి బట్టలు మార్చాలి.

రస్ట్ భాషలో ఈ విడదీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పళ్ళచక్రంలో ‘ఆర్’ అక్షరం లోగో, దాని ట్రేడ్‌మార్క్ రస్ట్ ఫౌండేషన్‌ది. ఫెర్రిస్ అనే నారింజరంగు పీత అనధికార మస్కట్. గీసిన కళాకారిణి దాన్ని ఎవరి హక్కూ లేకుండా పూర్తిగా ప్రజాక్షేత్రానికి వదిలేశారు. 2023 ఏప్రిల్‌లో ఫౌండేషన్ కొత్త ట్రేడ్‌మార్క్ విధానం ముసాయిదా బయటపెట్టగానే, మరీ బిగించేస్తున్నారని ప్రోగ్రామర్లు మండిపడ్డారు. కొందరు భాషని ఫోర్క్ చేసి దానికి పీత పేరే పెట్టారు. గమనించండి, తిరుగుబాటు జెండా కావలసివచ్చినప్పుడు చేతికి దొరికింది ఎవరికీ చెందని పీతే.

గో భాష గోఫర్‌ది మధ్యస్థం. రెనీ ఫ్రెంచ్ గీసిన ఈ ఎలుకజాతి జంతువు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ కింద ఉంది. ఆమె పేరు చెప్పి మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందుకే గో ప్రోగ్రామర్ల సమావేశాల్లో ఊరికో గోఫర్ పుడుతుంది.

ఇక ఒంటె. పెర్ల్ భాషకి ఒంటె గుర్తు ఆ భాష తయారుచేసినవాళ్ళు ఎంచుకున్నది కాదు. ఓరైలీ ప్రచురణ సంస్థ తన సాంకేతిక పుస్తకాల అట్టల మీద పాతకాలపు చెక్కుడు చిత్రాల్లోంచి జంతువుల్ని వేయడం మొదలుపెట్టింది. పెర్ల్ పుస్తకానికి ఒంటె వచ్చింది. పుస్తకం బైబిల్ అయింది, ఒంటె భాషకి అతుక్కుపోయింది, ట్రేడ్‌మార్క్ ప్రచురణకర్త దగ్గర ఉండిపోయింది. తర్వాత పెర్ల్ ఫౌండేషన్ ఉల్లిగడ్డని గుర్తుగా పెట్టుకోవలసి వచ్చింది. అదే ప్రచురణ సంస్థ సెడ్, ఆక్ అనే యూనిక్స్ పనిముట్ల మీద వేసిన పుస్తకపు అట్ట మీదున్నది మన దేవాంగపిల్లి. దక్షిణ భారతం, శ్రీలంక అడవుల్లో రాత్రిళ్ళు తిరిగే పెద్దకళ్ళ జీవి. ఇక్కడ ఒక సందేహం తీర్చుకోవాలి: తెలుగు ప్రాజెక్టు ఒకటి దేవాంగపిల్లిని మస్కట్‌గా పెట్టుకుంటే ఆ ప్రచురణకర్తకి చెప్పాలా? అక్కర్లేదు. జంతువు ఎవరి సొత్తూ కాదు. ఆ అట్ట మీది చిత్రాన్నే ఎత్తుకొచ్చి, కంప్యూటర్ పుస్తకాలు అమ్మడానికి వాడితే గొడవ.

ఏనుగుల సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ గుర్తు నీలి ఏనుగు తల, రష్యన్‌లో గున్న ఏనుగు అనే అర్థంలో దాన్ని స్లోనిక్ అంటారు. పీహెచ్‌పీ భాషదీ నీలి ఏనుగే. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాల్ని పక్కకి తిప్పి చూస్తే ఏనుగు ఆకారం తోచిందని విన్సెంట్ పోంటియర్ 1998లో గీశారు. డేటాని ఎన్నో కంప్యూటర్ల మీద నడిపే హడూప్‌ది పసుపు ఏనుగు, దాన్ని తయారుచేసిన డగ్ కటింగ్ కొడుకు ఆటబొమ్మ పేరు అది. మూడూ సాఫ్ట్‌వేరే, మూడూ ఏనుగులే, ఎవరి గీతలు వారివి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకొకటనుకునే ప్రమాదం లేదు. హడూప్ చుట్టూ పిగ్, హైవ్ అంటూ జంతువులు పోగయ్యాక, అందర్నీ అదుపులో పెట్టే ప్రోగ్రామ్‌కి జూకీపర్ అని పేరు పెట్టడం మాత్రం కావాలని చేసిన అల్లరే.

ఫోర్క్ అయినప్పుడు జంతువు వెంట రాదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కోడ్‌ని తీసుకుని దాన్ని మొదలుపెట్టినవారే 2009లో మరియాడీబీ కట్టారు. కోడ్ వచ్చింది, సకీలా అనే డాల్ఫిన్ రాలేదు. వీళ్ళు సముద్రసింహాన్ని తెచ్చుకున్నారు.

మీ ప్రాజెక్టుకి ఒక జంతువు కావాలంటే

ఒక కాలేజీ విద్యార్థుల బృందమో, తెలుగు ఫాంట్లు చేసే నలుగురో మస్కట్ కావాలనుకున్నారనుకుందాం. అన్నిటికన్నా ముందు వదులుకోవలసింది స్టాక్ బొమ్మ. కోడ్ పంచుకునే గిట్‌హబ్ గుర్తు ఆక్టోక్యాట్ మొదట ఐస్టాక్ అనే రెడీమేడ్ బొమ్మల సైటులో కొన్న బొమ్మ, సైమన్ ఆక్స్‌లీ గీసింది. ఆ సైటు షరతుల ప్రకారం అక్కడ కొన్న బొమ్మని లోగోగా వాడకూడదు. అది గ్రహించి కంపెనీ ఆక్స్‌లీతో నేరుగా బేరం చేసుకుని పూర్తి హక్కులు కొనుక్కుంది. వాళ్ళ దగ్గర డబ్బుంది, సరిపోయింది. మీ దగ్గర లేకపోతే, ‘ఉచితం’ అని రాసున్న వెక్టర్ (ఎంత పెంచినా చెదరని గీతల) బొమ్మ కింద చిన్న అక్షరాల్లో లోగో వాడకం నిషేధం అని ఉందో లేదో చదవండి. కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మకి ఇంకో చిక్కు: మనిషి సృజన లేనిదానికి కాపీరైట్ నమోదు చేయబోమని అమెరికా కాపీరైట్ కార్యాలయం అంటోంది. కాపీరైటే లేకపోతే దాని మీద మీరిచ్చే లైసెన్సుకీ విలువ లేదు.

స్నేహితుడి చేత గీయిస్తే కాగితం రాసుకోండి. డబ్బిచ్చాం కాబట్టి మనదే అనే ధీమా పనికిరాదు. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పుచ్చుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది తిరిగి వెనక్కి పోతుంది. ఇంటర్నెట్‌లో పెట్టే బొమ్మకి ఈ మూడూ ముంచేవే. అందుకని ‘కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, వాడినా వాడకపోయినా’ అన్న మూడు మాటలూ ఆ కాగితంలో కనబడాలి. 57వ సెక్షన్ కింద కళాకారుడి పేరు చెప్పించుకునే హక్కు, బొమ్మని తన పరువు పోయేలా వికారం చేయకుండా అడ్డుకునే హక్కు బదిలీ తర్వాత కూడా ఆయనవే.

పోటీ పెడితే నియమాల్లోనే లైసెన్సు పేరు రాయాలి. గెలిచినవారి బొమ్మకే కాదు, పంపిన ప్రతి బొమ్మకీ సొంతంగా గీశామన్న హామీ, మార్చడానికి వీలైన ఎస్‌వీజీ మూలఫైలు అడగాలి. వాణిజ్య వాడకం వద్దు అనే క్రియేటివ్ కామన్స్ రకాన్ని ఎంచుకోకండి. పుణ్యకార్యంలా అనిపిస్తుంది గానీ, ఆ షరతున్న బొమ్మని డెబియన్ తన ప్రధాన విభాగంలోకి తీసుకోదు, వికీమీడియా కామన్స్ తీసుకోదు, సమావేశంలో స్టిక్కర్లమ్మి హాలు అద్దె కట్టుకోవడం కుదరదు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ చిన్న ప్రాజెక్టుకి తొందరేమీ కాదు. కావాలనుకుంటే ముందు ‘ఎవరి పేరు మీద’ అన్నది తేల్చాలి. డెబియన్ తన గుర్తుల్ని సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ అనే సంస్థ పేరు మీద ఉంచింది. మన దగ్గరైతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిసి సొసైటీ పెట్టుకోవచ్చు. ఒక్కరి పేరు మీద పెడితే ఆ ఒక్కరు అలిగిన రోజున అందరూ పేరు మార్చుకోవాలి. ఆన్‌లైన్ దరఖాస్తుకి ఒక్కో క్లాసుకి వ్యక్తులకీ స్టార్టప్‌లకీ చిన్న సంస్థలకీ 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. దించుకునే సాఫ్ట్‌వేర్ 9వ క్లాసు, సాఫ్ట్‌వేర్ సేవలు 42, టీషర్టులు 25. జర్నల్‌లో అచ్చయ్యాక అభ్యంతరాలకి నాలుగు నెలల గడువు. రిజిస్ట్రేషన్ రాకముందు ‘టీఎం’ అని రాసుకోవచ్చు, వృత్తంలో ‘ఆర్’ గుర్తు వేస్తే అది నేరం.

గీసేటప్పుడు చివరి నుంచి వెనక్కి రండి. బ్రౌజర్ ట్యాబ్‌లో ఆ బొమ్మ 16 పిక్సెళ్ళ చదరంలో ఇమడాలి. అక్కడ కళ్ళూ చెవులూ తప్ప ఏమీ మిగలవు. మీసాలు, పొలుసులు, తోక చారలు పోతాయి. ఆ సైజుకి పెద్ద బొమ్మని కుదించకండి, తల ఒక్కటే తీసుకుని విడిగా గీయండి. తర్వాత ఒకే రంగులో, నలుపు తెలుపుల్లో నింపి చూడండి, జంతువు ఏదో చెప్పలేకపోతే ఆకారం కుదరలేదని అర్థం. ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తే అక్షరాల్ని తప్పనిసరిగా పాత్‌గా, అంటే గీతలుగా మార్చాలి. తెలుగు పేరుంటే మరీను: అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. పాత్‌గా మార్చని ప్రతిని కూడా దాచుకోండి, ఏడాది తర్వాత పేరులో తప్పు దిద్దాల్సొస్తుంది.

ప్రింటింగ్ షాపులో సీడీఆర్ (కోరెల్‌డ్రా) ఫైలు అడుగుతారు. లేకపోతే పీడీఎఫ్ ఇవ్వండి, వెక్టర్ చెక్కుచెదరకుండా వెళుతుంది. పీఎన్‌జీయే ఇవ్వాల్సొస్తే పది అంగుళాల వెడల్పుకి 3,000 పిక్సెళ్ళు ఉండేలా చూడండి. తెర మీద మెరిసే ఆకుపచ్చ, నీలం సిరాలో మట్టిగొట్టుకుపోతాయి, నమూనా ఒకటి తీయించకుండా వంద ఆర్డరివ్వకండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కడతారు, ధర దాన్నిబట్టే. రంగులు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయే గ్రేడియెంట్ అక్కడ చుక్కలుగా విరిగిపోతుంది. అందుకే రెండు మూడు చదును రంగుల ప్రతి ఒకటి ముందే చేసి ఉంచాలి.

మీ జంతువుని పెంగ్విన్ స్థానంలో కూర్చోబెట్టాలని ఉంటే అదీ కుదురుతుంది. 2009లో కెర్నెల్ 2.6.29కి అలాగే చేశారు: ఆ ఏడాది హోబర్ట్‌లో జరిగిన లినక్స్ సమావేశం మస్కట్, పెంగ్విన్ ముక్కు తగిలించుకున్న టాస్మేనియన్ డెవిల్ టజ్, ఒక్క విడుదలకి టక్స్‌ని పక్కకి నెట్టి కూర్చుంది. కెర్నెల్‌లోని రంగుల లోగో 80 పిక్సెళ్ళ చదరం, 224 రంగులు. ఆ వింత సంఖ్య ఎక్కడిదంటే, 256 రంగుల పట్టికలో మొదటి 32 గదుల్ని కన్సోల్‌కి వదిలేసి, మిగిలినవి బొమ్మకిచ్చారు. మీ పీఎన్‌జీని నల్లటి నేపథ్యం మీద అతికించండి, పారదర్శకత అక్కడ చెల్లదు. దాన్ని పీపీఎం అనే సాదా బొమ్మ ఫైలుగా మార్చి, నెట్‌పీబీఎం పనిముట్లతో 224 రంగులకి కుదించి, చివరగా అంకెలు కంటికి కనిపించే ఆస్కీ రకంలోకి మార్చాలి. గింప్‌లో ఎగుమతి చేస్తే ఆస్కీయా, రా రకమా అని అదే అడుగుతుంది. బైనరీ రకం ఇస్తే నిర్మాణం అక్కడే ఆగి ఆస్కీలోకి మార్చుకోమంటుంది. 225 రంగులున్నా ఆగుతుంది. కెర్నెల్ సోర్స్ వీడియో డ్రైవర్ల కింద లోగో ఫోల్డర్‌లో ఉన్న టక్స్ ఫైలు మీద దీన్ని అదే పేరుతో పెట్టి, కాన్ఫిగరేషన్‌లో బూట్ లోగో, 224 రంగుల లోగో రెండూ ఆన్ చేసి నిర్మించండి. 80 కన్నా పెద్ద బొమ్మ కూడా పడుతుంది, ఎత్తు తెర ఎత్తుని మించితే మాత్రం కెర్నెల్ మారుమాట లేకుండా వదిలేస్తుంది. అన్నీ సరిగా చేసినా జంతువు కనబడలేదంటే బూట్ లైన్‌లో ‘క్వయట్’ అనే మాట ఉందేమో చూడండి. చాలా పంపిణీలు దాన్ని ముందే పెట్టి ఉంచుతాయి, అదుంటే బూట్ సందేశాలతో పాటు లోగో కూడా మాయమవుతుంది.